ఆదివారం రీబిల్డ్

నేను అనుమానపు మనిషిని. ఆ మాట ముందే నేనే చెప్పేస్తే ఇంకొకళ్ళకి ఆ శ్రమ ఉండదు. తాళం వేశాక రెండుసార్లు లాగి చూస్తాను, మెట్లు దిగాక మళ్ళీ వెనక్కొచ్చి మూడోసారి లాగుతాను. లిఫ్టులో ఇద్దరు మాట్లాడుకుంటూ నన్ను చూసి ఆపేస్తే నా గురించే అనుకుంటాను. చాలాసార్లు నిజంగానే నా గురించే అయి ఉంటుంది. ఒక పెద్ద ఆసుపత్రిలో రోగుల వివరాలన్నీ దాచే డేటాబేస్‌కి ఇరవై రెండేళ్ళుగా నేనే కాపలా. కాపలావాడికి అనుమానం కాక ఇంకేం ఉండాలి?

ఆసుపత్రిలో అందరూ నన్ను ఇండెక్స్ బాబాయ్ అంటారు. ఎందుకో చెప్పాలి. మా దగ్గరికి వచ్చిన ప్రతి మనిషి వివరాలూ వచ్చిన వరసలో ఒకచోట పడి ఉంటాయి. పదిహేను లక్షల మంది. అందులో ఒక ఫోన్ నంబరు పట్టుకుని మనిషిని వెతకాలంటే మొదటి నుంచి చివరిదాకా చదువుకుంటూ పోవాలి. ఆ బాధ లేకుండా నంబర్లన్నీ వరసగా పేర్చి, ఏ నంబరు మనిషి ఎక్కడున్నాడో పక్కన రాసిపెట్టుకునేదే ఇండెక్స్. ఫోనుకొకటి, పేరుకొకటి, ఇంటి చిరునామాకొకటి, కార్డు నంబరుకొకటి. కౌంటర్ల నుంచి స్లో అని ఫిర్యాదు వచ్చినప్పుడల్లా మా పెద్దసారు "ఇంకో ఇండెక్స్ పడేయవయ్యా, పోతుంది" అనేవాడు. నేను పడేసేవాణ్ణి. అలా పద్నాలుగు అయ్యాయి.

పదకొండేళ్ళ క్రితం ఒకసారి వెతుకులాట మరీ చచ్చుబడిపోయింది. బయటి నుంచి టై కట్టుకున్న నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన గంటసేపు కీబోర్డు టకటకలాడించి, "ఇండెక్సులన్నీ చెదిరిపోయాయి. మొత్తం విప్పి మళ్ళీ పేర్చాను. దీన్ని రీబిల్డ్ అంటారు. వారానికోసారి చేస్తూ ఉండండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. సిస్టమ్ గుర్రంలా పరిగెత్తింది. అంతే, ఆ మాట నాకు శిలాశాసనం అయింది. రోగుల రద్దీ తక్కువుండే ఆదివారం మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి కూర్చునేవాణ్ణి. పద్నాలుగు ఇండెక్సులూ విప్పి, ఎక్కడా సందు లేకుండా గట్టిగా బిగించి పేర్చేసరికి అయిదయ్యేది. అయ్యాక ఎర్ర అట్ట రిజిస్టరులో "రీబిల్డ్ పూర్తి, సిస్టమ్ భద్రం" అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. పెళ్ళిళ్ళు మానుకున్నాను. మా అమ్మాయి బళ్ళో పరుగుపందెంలో మొదట వచ్చిన రోజు ఆదివారమే. ఆ రోజు నేను పదకొండో ఇండెక్సు దగ్గరున్నాను.

మా ఆవిడ మొదట్లో గొడవపడేది. నాకంటే ఆవిడకి అనుమానం తక్కువేం కాదు. రెండో ఏడు ఒక ఆదివారం చెప్పాపెట్టకుండా ఆఫీసుకొచ్చింది. చల్లటి గదిలో నేనొక్కణ్ణే స్వెట్టరు వేసుకుని, తెర మీద పాకుతున్న ఆకుపచ్చ గీతను చూస్తూ కూర్చున్నాను. గది నాలుగు మూలలూ చూసింది. బీరువా వెనక కూడా చూసింది.

"దీని కోసమా?" అంది.

"దీని కోసమే. ఇది చేయకపోతే సోమవారం పొద్దున కౌంటర్లు కదలవు" అన్నాను.

"మనిషైతే జుట్టు పట్టుకుని అడిగేదాన్ని" అని వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఆ మిషన్ని నా సవతి అనేది. తర్వాత్తర్వాత ఆ మాట కూడా అనడం మానేసింది.

ఇదంతా ఇలా సాగుతుండగా కొత్తమ్మాయి వచ్చింది. నాకు సాయంగా వేశారు. ఆర్నెల్లు చూసి, పనికొస్తే ఉంచుతామన్నారు. ముప్పై దాటని పిల్ల. మూడేళ్ళ కూతురు. భర్త ఇంకో ఊళ్ళో పని. మొదటిరోజే నా రిజిస్టరు తిరగేసి, "బాబాయ్, ప్రతివారం ఎందుకు చేస్తారు?" అని అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు పలక పట్టుకోకముందు నుంచీ నేనీ పని చేస్తున్నానమ్మాయ్. నేర్చుకోడానికొచ్చావా, నేర్పడానికొచ్చావా?" అన్నాను.

మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోవడం నాకు ఇంకా అనుమానం కలిగించింది. సమాధానం నచ్చకుండా ఊరుకునే మనిషి ఏదో మనసులో పెట్టుకున్నట్టే.

అయిదో నెలలో నేను స్నానాలగదిలో జారి కాలు విరగ్గొట్టుకున్నాను. మూడు వారాలు మంచం దిగొద్దన్నారు. నాకు కాలు కంటే ఆదివారం గురించి బెంగ. కొత్తమ్మాయికి ఫోన్ చేసి, ఏ మీట తర్వాత ఏ మీట నొక్కాలో అక్షరం వదలకుండా రాయించాను. మూడు ఆదివారాలూ రెండయ్యేసరికి ఫోన్ చేతిలో పట్టుకుని మంచం మీద కొట్టుకులాడాను. మా ఆవిడ పక్కన నీళ్ళగ్లాసు పెట్టి, "వెళ్ళొస్తాను" అనేది. నేను ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే ఊఁ అనేవాణ్ణి. అయిదింటికి కొత్తమ్మాయి దగ్గర్నుంచి "అయింది బాబాయ్" అని మెసేజ్ వచ్చేది. అప్పటికి గానీ గుండె కుదుటపడేది కాదు.

నాలుగో వారం గురువారం కుంటుకుంటూ ఆఫీసుకు వెళ్ళాను. మొదటి కౌంటరావిడ నన్ను చూడగానే ఎదురొచ్చింది. పాతికేళ్ళుగా అదే కుర్చీలో కూర్చుంటున్న మనిషి, మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి అనడం రాదు.

"కాలెలా ఉంది బాబాయ్? మీరు లేని మూడు సోమవారాలూ ఎంత హాయిగా ఉందో. కొత్త రోగి పేరు కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, చటుక్కున ఎక్కేసేది. పదకొండింటికల్లా లైను ఖాళీ" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. సోమవారం అంటే మా దగ్గర ఎప్పుడూ నరకమే. రెండు రోజుల జబ్బులన్నీ ఒకేసారి గుమ్మంలో నిలబడతాయి. సిస్టమ్ ఈడ్చుకుంటూ నడుస్తుంది. "సోమవారం కదా" అని అందరూ సర్దుకుపోతారు. పదకొండేళ్ళుగా ఉన్న నరకం నేను లేనప్పుడే మాయమైందంటే దాని వెనక ఎవరి చెయ్యో ఉంది. ఆ పిల్ల ఏదో చేసింది. నన్ను చేతకానివాణ్ణి చేసి నా కుర్చీ లాక్కోడానికే చేసింది. నాకు ఇంకో ఆలోచనే రాలేదు.

గదిలోకి వెళ్ళి రిజిస్టరు తీశాను. మూడు ఆదివారాలకీ మూడు వరసలు. గుండ్రటి దస్తూరీలో "రీబిల్డ్ పూర్తి, సిస్టమ్ భద్రం". కింద తన సంతకం.

"మూడు వారాలూ చేశావా అమ్మాయ్?"

"చేశాను బాబాయ్" అంది, కీబోర్డు వంక చూస్తూ.

మనిషి చెప్పింది నమ్మేవాణ్ణయితే ఇన్నేళ్ళు ఈ పని చేయలేను. మిషన్ తను చేసిన ప్రతి పనీ నిమిషంతో సహా ఒకచోట రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటారు. ఆమె భోజనానికి వెళ్ళగానే లాగ్ తెరిచాను. మొదటి ఆదివారం రెండు నుంచి అయిదు దాకా ఏమీ లేదు. రెండో ఆదివారం లేదు. మూడోదీ లేదు. మూడు సంతకాలూ పచ్చి అబద్ధాలు.

నిజం చెప్పాలంటే నాకు కోపం కంటే సంతోషం ఎక్కువ కలిగింది. దొరికింది దొంగ అనుకున్నాను. ఆమెతో ఒక్క మాట అనకుండా నేరుగా పెద్దసారు గదికి వెళ్ళాను.

ఆయన నేను తెచ్చిన రిజిస్టరు పేజీనీ, లాగ్ అచ్చు తీసిన కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. "రాసివ్వు. వచ్చే శుక్రవారానికి ఆమె ఆర్నెల్లు పూర్తవుతాయి. ఉంచాలా పంపాలా అని సంతకం పెట్టేది ఆ రోజే. అబద్ధం రాసిన మనిషిని రోగుల వివరాల దగ్గర ఎలా ఉంచుతాం?" అన్నాడు.

శనివారం పొద్దున్నే ఫిర్యాదు ఇచ్చేశాను. రెండు పేజీలు. అంత శ్రద్ధగా నేను మా ఆవిడకి కూడా ఎప్పుడూ ఉత్తరం రాయలేదు.

ఆదివారం నా కుర్చీలో నేను కూర్చుని, మూడు వారాల కసీ తీరేలా పద్నాలుగూ బిగించి పేర్చాను. సంతకం పెట్టాను. ఇక సోమవారం చూసుకోండి, అసలు వేగం అంటే ఏమిటో చూపిస్తా అనుకున్నాను.

సోమవారం తొమ్మిదిన్నరకల్లా లైను మెట్ల దాకా వచ్చింది. మొదటి కౌంటర్ తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. ఒక తల్లి, భుజం మీద పిల్లాడు. వాడి చెయ్యి తడిగుడ్డలో చుట్టి ఉంది. వేడినీళ్ళు పడ్డాయట. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఇప్పుడు ఎక్కిళ్ళు మాత్రమే పెడుతున్నాడు.

"ఒక్క నిమిషం అమ్మా, పేరు ఎక్కట్లేదు" అంటోంది కౌంటరావిడ. ఆ మాట అప్పటికి నాలుగోసారి.

"ముందు లోపలికి పంపించండి, పేరు తర్వాత ఎక్కించొచ్చు" అని నేను కేకేశాను. పంపించారు. కౌంటరావిడ నా వంక చూసి, "వచ్చేశారుగా బాబాయ్, మళ్ళీ మొదలైంది" అంది. అందులో వెటకారం లేదు. ఆవిడకి వెటకారం రాదు. అందుకే నాకు ఇంకా గుచ్చుకుంది.

కాలు ఈడ్చుకుంటూ గదికి పరిగెత్తాను. ఇది కొత్తమ్మాయి పనే, నేను రాగానే మళ్ళీ ఏదో తిప్పింది అనుకున్నాను. కుర్చీ లాక్కుని ఆమె వెనకే కూర్చున్నాను. ఆమె చేతులు చూస్తూ, తెర చూస్తూ, మళ్ళీ చేతులు చూస్తూ రెండు గంటలు. పాపం, ఆమె మంచినీళ్ళు తాగడానికి కూడా భయపడింది. ఏదీ నొక్కలేదు. కౌంటర్లు మాత్రం పన్నెండున్నర దాకా పాకుతూనే ఉన్నాయి. చేతులు కట్టుకుని కూర్చున్న మనిషి సిస్టమ్‌ని ఎలా ఆపగలదు? నా అనుమానానికి మొదటిసారి నిలబడడానికి చోటు దొరకలేదు.

బుధవారం సాయంత్రం మా అక్క ఇంటికి వెళ్ళాను. అక్క ముప్పై నాలుగేళ్ళు గ్రంథాలయంలో పనిచేసి రిటైరైంది. పుస్తకాల పేర్లు రాసిన కార్డులు వరసగా పేర్చి ఉండే చెక్క సొరుగులు ఆవిడ రాజ్యం. ఆవిడ బల్ల మీద చిరిగిన పుస్తకాలు, జిగురు డబ్బా, పిడికి ఎర్రదారం చుట్టిన కత్తెర ఉన్నాయి. మా ఇంట్లో కత్తెర కూడా ఇలాంటిదే, ఎక్కడో పోయింది అనుకున్నాను. కత్తెరలన్నీ ఒకలాగే ఉంటాయి కదా.

అక్కకి నా గోడంతా చెప్పాను. ఆ పిల్ల అబద్ధం, నా ఫిర్యాదు, సోమవారం సంగతి. అక్క పుస్తకం వెన్నుకి జిగురు రాస్తూ విని, ఫిర్యాదు గురించి ఏమీ అనకుండా ఇంకోటి అడిగింది.

"ఒరే తమ్ముడూ, సొరుగులో కార్డులు సందు లేకుండా బిగిస్తానంటున్నావు. మరి కొత్త పుస్తకం వస్తే దాని కార్డు ఎక్కడ దూరుస్తావు?"

"అదే దూరుకుంటుంది. మిషన్ చూసుకుంటుంది."

"మిషనైనా మనిషైనా చోటుంటేనే కదరా పెట్టేది. మా దగ్గర కొత్తలో ఒకడుండేవాడు, నీలాంటివాడే. ప్రతి సొరుగూ నిండా కుక్కి, చూడండి ఎంత ముచ్చటగా ఉందో అనేవాడు. మర్నాడు నలభై పుస్తకాలొచ్చాయి. ఒక్క కార్డు పెట్టాలంటే సగం కార్డులు తీసి పక్క సొరుగులోకి మార్చాల్సొచ్చింది. రోజంతా అదే పని. నేను ప్రతి సొరుగులో నాలుగువేళ్ళ ఖాళీ వదిలేదాన్ని. ముప్పై నాలుగేళ్ళలో మొత్తం విప్పి పేర్చింది రెండుసార్లో మూడుసార్లో."

"వరస చెదిరిపోదా?"

"వరస ఎందుకు చెదురుతుందిరా? పెట్టేటప్పుడే వరసలో పెడతాం కదా. పక్క సొరుగులోకి వెళ్ళిన కార్డులకి చీటీ ఉంటుంది. వెతికేవాడికి ఇంకో సొరుగు లాగే శ్రమ, అంతే" అంది. తర్వాత నా వంక చూసి, "వారం వారం పేరుస్తున్నావా? పదకొండేళ్ళా?" అని అడిగింది.

మాకు సొరుగులు పద్నాలుగు. సోమవారం పొద్దున్న వచ్చే కొత్త రోగులు పదకొండు వందల మంది. ఒక్కొక్కరి కార్డు పద్నాలుగు చోట్ల దూర్చాలి. ముందురోజు సాయంత్రం ఒక్క చోట కూడా సందు లేకుండా బిగించి పెట్టింది నేనే. ఆ పిల్లాడి తడిగుడ్డ కళ్ళముందు కదిలింది. కాఫీ ఇస్తానంటే వద్దని లేచి వచ్చేశాను.

అయినా అనుమానపు మనిషిని కదా. అక్క మాటను కూడా నమ్మలేదు. గురువారం పొద్దున గది తలుపు వేసి, "అమ్మాయ్, ఇటు కూర్చో" అన్నాను. "మూడు ఆదివారాలూ నువ్వు రీబిల్డ్ చేయలేదు. లాగ్ చూశాను. ఎందుకు చేయలేదో చెప్పు."

ఆమె కుర్చీ అంచుకి జరిగి కూర్చుంది. మెల్లిగా మొదలుపెట్టింది.

"మొదటి ఆదివారం పాపకి జ్వరం బాబాయ్. ఇంట్లో ఇంకెవరూ లేరు. వదిలి రాలేకపోయాను. మీకు చెప్తే ఏమంటారోనని భయమేసి అయిందని మెసేజ్ పెట్టేశాను. సోమవారం నా పని అయిపోయిందనే అనుకుని వచ్చాను. ఏడుస్తూ వచ్చాను. కానీ సిస్టమ్ ఏమీ కాలేదు. పైగా ఎప్పటికంటే బాగా నడిచింది. నాకే అనుమానమొచ్చింది. రెండో వారం కావాలనే చేయలేదు. మూడోవారం కూడా."

"సంతకాలెందుకు పెట్టావు?"

"చెప్తే వింటారా మీరు? మొదటిరోజు ఒక్క ప్రశ్న అడిగితే ఏమన్నారో గుర్తుందా?" అంది. అంతలోనే తగ్గి, "తప్పే బాబాయ్. రాయకుండా ఉండాల్సింది. ఈ ఉద్యోగం పోతే ఇల్లు ఖాళీ చేసి పాపని తీసుకుని ఆ ఊళ్ళో మా ఆయన గదికి వెళ్ళాలి. అక్కడ నలుగురు మగవాళ్ళు ఉంటారు. అందుకే రాశాను" అంది.

ఫిర్యాదు అప్పటికే పెద్దసారు బల్ల మీదుందని ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు.

"అయితే పదకొండేళ్ళ క్రితం ఆ టై ఆయన చేస్తే ఎందుకు పరిగెత్తింది?" అన్నాను. నా చేతిలో మిగిలిన ఒకే ఒక్క ఆయుధం అది.

ఆమె జాగ్రత్తగా, పెద్దవాళ్ళకి మందు చేదని చెప్పే గొంతుతో చెప్పింది. మిషన్ వెతికేముందు ఏ ఇండెక్సు పట్టుకుంటే పని త్వరగా అవుతుందో అంచనా వేసుకుంటుంది. ఎన్ని పేర్లున్నాయి, ఎన్ని నంబర్లున్నాయి అనే లెక్కలే ఆ అంచనాకు ఆధారం. లెక్కలు పాతబడితే తప్పు దారి పట్టి మొత్తం చదువుకుంటూ కూర్చుంటుంది. రీబిల్డ్ చేస్తే దాంతోపాటు లెక్కలూ కొత్తవవుతాయి. ఆయన దగ్గర పనిచేసింది ఆ లెక్కలే, పేర్చడం కాదు. లెక్కలు మాత్రం కొత్తవి చేయడానికి పట్టేది మూడు నిమిషాలు.

"మూడు నిమిషాలు" అన్నాను.

"నేను రెండో వారం నుంచీ సోమవారం పొద్దున అదొక్కటే చేశాను."

పరీక్ష పెడదామన్నాను. నేను బతికున్నంతకాలం కళ్ళతో చూడనిది ఒప్పుకోను. పక్కనున్న పాత మిషన్ మీద, పోయిన శనివారం, అంటే నేను పేర్చకముందు, తీసిన డేటాబేస్ నకలు రెండుసార్లు ఎక్కించాం. ఒకదాన్ని నా పద్ధతిలో బిగించి పేర్చాం. రెండోదాన్ని ముట్టుకోకుండా లెక్కలు మాత్రం కొత్తవి చేశాం. రెండింటికీ అదే సోమవారపు పదకొండు వందల మందిని అందించాం. ముట్టుకోనిది తొమ్మిది నిమిషాల్లో ముగించింది. నేను పేర్చింది ఇరవై ఆరు నిమిషాలు తీసుకుంది. వెతకడంలో రెండింటికీ తేడా లేదు. ఇందులో ఏదో మోసముందని రెండింటినీ తారుమారు చేసి మళ్ళీ చేయించాను. తొమ్మిది, ఇరవై ఆరు. మూడోసారి కూడా చేయించాను. అప్పటికి ఆమె నా వంక చూడడం మానేసి కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకోకపోతే ఆ పిల్ల వీధిన పడుతుంది. తీసుకోవాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే పదకొండేళ్ళ ఆదివారాలు గాలికి పోయినట్టే. ఆఫీసులో నవ్వితే నవ్వుకుంటారు. ఇంట్లో ఏ ముఖం పెట్టుకుని చెప్పను? నోరు మూసుకుంటే నా గౌరవం నాకుంటుంది, అబద్ధం రాసింది ఆమే కదా అని కూడా అనుకున్నాను. అనుకోలేదని అంటే అది ఇంకో అబద్ధం.

శుక్రవారం పది గంటలకి పెద్దసారు గదిలోకి వెళ్ళి, "నా ఫిర్యాదు వెనక్కిచ్చేయండి సార్" అన్నాను. పరీక్ష ఫలితాలు ముందు పెట్టి అంతా చెప్పాను.

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. "మరి పదకొండేళ్ళు నిన్నెవరు చేయమన్నారయ్యా?"

"ప్రతినెలా రిజిస్టరు మీద మీరే సంతకం పెట్టారు సార్."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "సరే, అది అలా ఉంచు. ఆమె మూడు దొంగ సంతకాలు పెట్టిందా లేదా?"

"పెట్టింది. నేను అయిదొందల పైచిలుకు పెట్టాను. సిస్టమ్ భద్రం అని. మర్నాడు పొద్దున మనుషుల్ని మెట్ల మీద నిలబెట్టి భద్రం అని రాశాను. ముందు నన్ను పంపి తర్వాత ఆమెను పంపండి."

ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టి తీసి పెట్టాడు. ఇకమీద అబద్ధం రాస్తే క్షమించేది లేదని ఆమెకు నేనే గట్టిగా చెప్పాలన్నాడు. తర్వాత ఉంచుతున్నట్టు సంతకం పెట్టాడు. నా రెండు పేజీలూ నాకిచ్చాడు. గదికొచ్చి ఆ కాగితాలు కొత్తమ్మాయి చేతిలో పెట్టాను. చదివింది. చివరిదాకా చదివింది.

"చాలా బాగా రాశారు బాబాయ్" అంది. ఆ రోజంతా ఇంకో మాట మాట్లాడలేదు. అడగడానికి నాకు ముఖం లేదు.

ఆదివారం వచ్చింది. భోజనం చేసి, ఒకటిన్నరైనా కుర్చీలోంచి లేవలేదు. మా ఆవిడ గిన్నెలు సర్దుతూ గడియారం చూసింది, నన్ను చూసింది.

"వెళ్ళరా?"

"ఇంక వెళ్ళక్కర్లేదు. ఎప్పటికీ" అన్నాను. అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ పని అవసరం లేదని, అసలు ఎప్పుడూ అవసరం లేదని, మూడు నిమిషాల పనికి వారానికి మూడు గంటల చొప్పున పదకొండేళ్ళు కూర్చున్నానని. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆవిడ చేతిలో గిన్నె తుడుస్తూ నిలబడిపోయింది. "పరుగుపందెం రోజు కూడా అవసరం లేదా?"

"లేదు."

"ఎవరికోసమైనా వెళ్ళారంటే అర్థమయ్యేది" అంది. గిన్నె అరలో పెట్టింది. లోపలికి వెళ్ళింది. పోనీలే, కాసేపు ఏడుస్తుంది, తర్వాత పక్కన కూర్చుని ఏదో ఒకటి చెప్పుకుంటాం అనుకున్నాను. అయిదు నిమిషాల్లో చీర మార్చుకుని, భుజానికి గుడ్డసంచి తగిలించుకుని బయటికొచ్చింది.

"ఎక్కడికి?" అన్నాను.

"మీ అక్కయ్య గారింటికి. గ్రంథాలయం వాళ్ళ చిరిగిన పుస్తకాలు బాగుచేస్తాం ఇద్దరం. ఆదివారం మధ్యాహ్నం."

"ఎప్పట్నుంచి?"

"తొమ్మిదేళ్ళయింది."

ఎర్రదారం చుట్టిన కత్తెర గుర్తొచ్చింది. "నాకెప్పుడూ చెప్పలేదే?"

"మీరెప్పుడూ అడగలేదే" అంది. కోపంగా అనలేదు. టైమెంతైందో చెప్పినట్టు అంది.

"నేనూ రానా?"

ఆవిడ భుజం మీద సంచి సర్దుకుంది. "బల్ల చిన్నదండీ, ఇద్దరికే ఇరుకు. అక్కయ్యనడిగి చెప్తాను" అంది. వంటింట్లోకి వెళ్ళి, నీళ్ళగ్లాసు తెచ్చి నా పక్కనున్న స్టూలు మీద పెట్టి, "వెళ్ళొస్తాను" అంది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

గడియారంలో రెండయింది. కాలు విరిగి పడుకున్న మూడు ఆదివారాలూ ఆ గ్లాసు అక్కడే పెట్టి, అదే మాట చెప్పి వెళ్ళింది. లిఫ్టులో మాట్లాడుకునేవాళ్ళనీ, అక్క మాటనీ, కూతురి వయసున్న పిల్లనీ అనుమానించినవాణ్ణి, ఆవిడ ఎక్కడికి వెళ్తోందని ఒక్కసారైనా అడగలేదు.